ఖజా నమాజుకు హోల్‌సేల్ బేరం లేదు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: వదిలేసిన నమాజులు (వాటిని తర్వాత చదివి తీర్చడాన్నే ఖజా అంటాం), సరిగ్గా చదవని నమాజులు. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు పెట్టి, ఈ సంచికను వీటికే ఇచ్చాను. నేను ముఫ్తీని (మతపరమైన తీర్పులు చెప్పే పండితుణ్ణి) కాను, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. రాసిన ప్రతి జవాబూ మా చిత్తూరులో ఒక ముఫ్తీ సాబ్‌కి చదివి వినిపించాకే పత్రికకు పంపుతాను. మన వైపు ఎక్కువమంది హనఫీలు (ఇమామ్ అబూ హనీఫా దారిలో నడిచేవాళ్లు) కాబట్టి జవాబులు ఆ పద్ధతిలోనే ఉంటాయి. తేడా ఉన్నచోట తేడా ఉందని చెబుతాను.

*

ప్రశ్న: సార్, అస్సలాము అలైకుం. నాకు 41 ఏళ్లు. రైల్వే స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాను. చిన్నప్పుడు మద్రసాకు పోయినా నమాజు నిలకడగా చదివింది లేదు. రంజాన్ నెలలో మాత్రం ఐదు పూటలా చదివేవాణ్ణి. జుమాలు (శుక్రవారం నమాజులు) సగం సగం. మూడేళ్లుగా అల్లా దయవల్ల నమాజు వదలడం లేదు, ఫజర్ (తెల్లవారుజాము నమాజు) ఒక్కటే అప్పుడప్పుడూ పోతోంది. తెల్లారుజామున రైళ్లు దిగేవాళ్లను అలిపిరికి చేర్చే బేరాలన్నీ ఆ టైంలోనే. మరి పాత నమాజుల సంగతేంది? రంజాన్ చివరి జుమా రోజు నాలుగు రకాతులు (నమాజులో ఒక్కో ఆవృత్తి ఒక రకాతు) చదివితే జీవితకాలం ఖజా తీరిపోతుందని మా మామ అంటాడు. కావాలని వదిలినదానికి అసలు ఖజానే లేదు, తౌబా (పశ్చాత్తాపం) చేసుకుంటే చాలని స్టాండ్‌లో ఒక తమ్ముడు ఫోన్‌లో బయాన్ (మత ప్రసంగం) వినిపించాడు. రాత్రి పడుకుంటే ఇదే టెన్షన్.
– ఒక ఆటో డ్రైవర్, కోర్లగుంట, తిరుపతి

జవాబు: వ అలైకుముస్సలాం తమ్ముడూ. ముందు మీ మామ మాట తేల్చేద్దాం, అది తేలిక. చివరి జుమా నాలుగు రకాతుల కథకు ఆధారం లేదు. దాని గురించి చెప్పుకునే హదీసు (ప్రవక్త మాటల కథనం) కల్పితమని నాలుగు వందల ఏళ్ల కిందటే ముల్లా అలీ ఖారీ రాశారు. ఆయన హనఫీ పండితుడే, మన వర్గం మనిషే. ఆ రోజు నాలుగు రకాతులు నఫిల్‌గా (ఐచ్ఛికంగా) చదువుకుంటే ఎవరూ వద్దనరు. వేల నమాజులు వాటితో కొట్టుకుపోతాయనుకుంటేనే తంటా. పెద్దాయనతో మాత్రం వాదన పెట్టుకోకండి.

స్టాండ్ తమ్ముడు చెప్పినదాన్ని అలా తోసెయ్యలేం. స్పెయిన్‌లో ఇబ్న్ హజ్మ్ (మరణం 1064), డమాస్కస్‌లో ఇబ్న్ తైమియా (మరణం 1328) ఆ మాట అన్నారు. బుద్ధిపూర్వకంగా వదిలిన నమాజుకు వేళ దాటిపోయింది, ఇక దాన్ని తిరిగి చదవడమనేది లేదు, పశ్చాత్తాపపడి నఫిల్‌లు ఎక్కువగా చదవాలి అన్నారు. చివరి ముక్క గమనించారా? "ఎక్కువగా చదవాలి" అన్నారు. "చాలు" అన్నది ఆ ఫోన్ బయాన్ కలిపిన మాట. ఇప్పుడెవరు ఏ వీడియోలో సగం మాట కత్తిరించి పెడుతున్నారో చెప్పలేం.

అబూ హనీఫా, మాలిక్, షాఫిఈ, అహ్మద్, నలుగురు ఇమాముల దారుల్లోనూ స్థిరపడిన మాట వేరు. మరిచిపోయి వదిలినా, నిద్రలో పోయినా, కావాలని వదిలినా ఖజా తీర్చాల్సిందే. "ఎవరైనా నమాజు మరిచిపోతే, గుర్తొచ్చినప్పుడు చదవాలి; దానికి అదే తప్ప వేరే పరిహారం లేదు" అని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ప్రవక్త (స) మాట ఉంది. మరిచిపోయినవాడికే ఆ బాధ్యత ఉంటే, తెలిసీ వదిలినవాడికి ఎందుకు ఉండదు అని ఇమామ్ నవవీ (మరణం 1277) అడిగారు. ఆ తర్కం నాకు గట్టిగా కనిపిస్తుంది. అల్లాకు పడిన బాకీ తీర్చడం మిగతా బాకీలన్నిటికంటే ముందని ఇంకో హదీసు. కాబట్టి తౌబా వేరు, ఖజా వేరు. ఆలస్యం చేసిన తప్పుకు తౌబా, మిగిలిపోయిన నమాజుకు ఖజా.

వేళ దాటిన నమాజు ఎలా ఉంటుందో ప్రవక్త (స) జీవితంలోనే చూస్తాం. 627లో మదీనాకు ఉత్తరం వైపు కందకం తవ్వి శత్రువును ఆపిన రోజుల్లో పోరు తెరిపివ్వక అసర్ (సాయంత్రపు నమాజు) పోయింది. పొద్దు గూకాక ముందు అసర్ చదివి, తర్వాత మగ్రిబ్ (పొద్దు గూకాక చదివే నమాజు) చదివారు. మరుసటి ఏడు ఖైబర్ నుంచి తిరిగొస్తూ ఒక రాత్రి దారిలో ఆగారు. ఫజర్‌కి లేపే పని సహచరుడు బిలాల్ (రజి) గారికి అప్పగించారు. అలసిపోయిన బిలాల్ ఒంటెకు ఆనుకుని అట్లే నిద్రపోయారు. ఎండ తగిలాక అందరూ లేచారు. అక్కడి నుంచి కొంచెం దూరం కదిలి, వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కోవడం) చేసుకుని, జమాత్‌గా (అందరూ కలిసి) ఫజర్ చదివారు. బిలాల్‌ను ఎవరూ తిట్టలేదు. తెల్లారుజామున రైలు బేరాలు చేసేవాళ్లకు ఈ సంగతి తెలిసుండాలని ఇంత పొడుగ్గా చెప్పాను.

ఇప్పుడు నా సబ్జెక్టుకు వద్దాం. మీ బాకీ ఎంత?

బాలిగ్ (యుక్తవయసు) అయిన నాటి నుంచి లెక్క. ఎప్పుడైందో గుర్తులేకపోతే పదిహేనేళ్లు పట్టుకోవాలి, అదీ చాంద్రమాన లెక్కలో. మనం వాడే క్యాలెండర్‌లో అది పద్నాలుగున్నరేళ్లు. మీరు 38లో నిలకడగా మొదలుపెట్టారు. మధ్యలో ఇరవై మూడున్నరేళ్లు, అంటే దాదాపు 8,600 రోజులు. అందులో సుమారు ఇరవై నాలుగు రంజాన్ నెలలు చదివానన్నారు, ఓ 700 రోజులు తీసేద్దాం. మిగిలింది 7,900 రోజులు. చదివిన జుమాలను జుహర్ (మధ్యాహ్నం నమాజు) లెక్కలోంచి తీసేయండి. సగం అన్నారు కాబట్టి 560 దాకా పోతాయి. గుర్తులేనిచోట కాస్త ఎక్కువే వేసుకోండి, "ఇంతకు మించి ఉండదు" అని మనసు ఒప్పుకునే దాకా. పైసా పైసా తేలాలని కూర్చోకండి. ఇది ఆడిట్ కాదు.

రోజుకు ఖజా చదవాల్సినవి: ఫజర్ రెండు రకాతులు, జుహర్ నాలుగు, అసర్ నాలుగు, మగ్రిబ్ మూడు, ఇషా (రాత్రి నమాజు) నాలుగు, దాని వెంట చదివే విత్ర్ మూడు. మొత్తం ఇరవై. సున్నత్‌లకు (తప్పనిసరి కాకపోయినా ప్రవక్త చదివినవాటికి) ఖజా లేదు; ఆ రోజు ఫజర్ సున్నత్‌ల సంగతి మాత్రం కింద చెబుతాను. రోజుకు ఒక రోజు బాకీ చొప్పున తీరిస్తే ఇరవై ఒక్క ఏళ్లు దాటుతుంది. రెండు రోజులవి చదివితే పదకొండేళ్లలోపే. భయపడకండి. ఏ నమాజు చదివినా దాని వెంటే అదే పూట ఖజా ఒకటి చదివేస్తే రోజు ముగిసేసరికి ఒక రోజు బాకీ తీరిపోతుంది. నఫిల్‌లు చదివే టైమును ఖజాకు ఇవ్వండి, గట్టి సున్నత్‌లు మాత్రం వదలకండి. స్టాండ్‌లో సీరియల్ (మీ వంతు) కోసం ఎదురుచూసే టైం కూడా ఉంది కదా, ఒక బాటిల్ నీళ్లు, ఒక జానమాజ్ (నమాజు చాప) సీటు కింద పెట్టుకుంటే సరి.

నియ్యత్ (సంకల్పం) ఎలా అని తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతాను. తేదీ అక్కర్లేదు. "నా మీద మిగిలిన ఫజర్‌లలో మొట్టమొదటిది చదువుతున్నాను" అనుకోండి. అది తీరగానే దాని తర్వాతది మొదటిదవుతుంది. లెక్కల మాస్టారుగా చెబుతున్నా, ఇంత సొగసైన పద్ధతి నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. ఒక చిన్న నోటుబుక్కులో ఆరు నిలువు గళ్లు గీసి టిక్కు పెట్టుకుంటూ పోండి. ఆ బుక్కు ఎవరికీ చూపించొద్దు. నమాజు వదలడం తప్పు, ఆ తప్పును నలుగురిలో చాటుకోకూడదు కాబట్టి ఖజా గుట్టుగా చదవమన్నారు పెద్దలు. ఇంట్లో మాత్రం ఒక్కరికి చెప్పి ఉంచండి, ఎందుకో కింద పలమనేరు ఉత్తరంలో వస్తుంది.

ఖజా ఎప్పుడైనా చదవొచ్చు, మూడు వేళలు తప్ప: సూర్యుడు పొడిచేటప్పుడు, నడినెత్తిన ఉన్నప్పుడు, అస్తమించేటప్పుడు. ఫజర్ తర్వాత, అసర్ తర్వాత నఫిల్ చదవకూడదు గానీ ఖజా చదవొచ్చు.

ఇక ఇప్పుడు పోతున్న ఫజర్‌ల సంగతి. పాతవాటికంటే నాకు వీటి మీదే బెంగ. తిరుపతిలో మే నెలలో ఆరు కాకముందే పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర దాటుతుంది. అంతకు గంటకు పైగా ముందు నుంచే ఫజర్ వేళ ఉంటుంది. రెండు రకాతుల ఫర్జ్‌కు (తప్పనిసరి నమాజుకు) ఐదు నిమిషాలు చాలు. అలిపిరిలో సవారీని దించాక ఒక పక్కన ఆటో ఆపితే ఫజర్ అయిపోతుంది. ఒకవేళ పోయిందే అనుకోండి, పొద్దు పొడిచి ఇరవై నిమిషాలు గడిచాక, మధ్యాహ్నం లోపు చదివితే సున్నత్ రెండూ ఫర్జ్ రెండూ చదవాలి. మధ్యాహ్నం దాటితే ఫర్జ్ మాత్రమే.

*

ప్రశ్న: నాకు రెండు కాన్పులు. రెండుసార్లూ నలభై రోజుల చిల్లా అయ్యేదాకా నమాజు చదవలేదు. ఆ నమాజులూ, నెలనెలా ఆ రోజుల్లో పోయేవీ అన్నీ రాసిపెట్టుకుని తీర్చాలని మా అత్తమ్మ అంటారు. నిజమేనా?
– ఒక గృహిణి, పుంగనూరు

జవాబు: అమ్మా, మీ అత్తమ్మ మాటలో కొంత నిజం కాదు, కొంత నిజం.

నెలసరి రోజుల నమాజుకు ఖజా లేదు. ఉపవాసాలకు ఉంది. ప్రవక్త (స) భార్య హజ్రత్ ఆయిషా (రజి) గారిని ఒకామె ఇదే అడిగింది. "మాకు ఉపవాసాలు తీర్చమని ఆదేశించారు, నమాజులు తీర్చమని ఆదేశించలేదు" అని ఆవిడ జవాబు. కాన్పు తర్వాతి రోజులకూ అదే నియమం. మాఫ్ అయినదాన్ని మనం మళ్లీ నెత్తిన వేసుకోనక్కర్లేదు.

చిక్కంతా ఆ నలభై దగ్గరుంది. నలభై రోజులనేది గరిష్ఠ హద్దు. రక్తస్రావం ఇరవై ఐదో రోజునే ఆగిపోతే ఆ రోజే స్నానం చేసి నమాజు మొదలుపెట్టాలి. మన ఇళ్లలో చిల్లా స్నానం, చుట్టాల భోజనాలు అన్నీ నలభయ్యో రోజునే పెట్టుకుంటారు కాబట్టి అప్పటిదాకా నమాజు లేదనుకుంటారు. చిల్లా ఆనవాయితీ, నమాజు ఫర్జ్. ఆగిపోయిన రోజు నుంచి చిల్లా దాకా మధ్యలో పోయిన నమాజులు మీ మీద బాకీనే, రెండు కాన్పులవీ. అప్పుడు తెలియదు కాబట్టి మనసు కష్టపెట్టుకోకండి, గుర్తున్నంతలో లెక్కేసి చదవండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నా. నెలసరి రాత్రి పది గంటలకు ఆగిపోతుంది. పొద్దున్నే తలస్నానం చేద్దాంలే అని పడుకుంటారు. ఇషా వేళ తెల్లవారుజాము దాకా ఉంటుంది కాబట్టి ఆ ఇషా మీ మీద పడినట్టే. ఆ రాత్రే స్నానం చేసి చదివితే సరి. లేకపోతే విత్ర్‌తో సహా ఖజా చదవాలి. జబ్బు చేస్తుందన్న భయం నిజంగా ఉంటే తయమ్ముమ్ (నీళ్లకు బదులు మట్టితో శుద్ధి) ఉంది.

*

ప్రశ్న: మా నాన్న పక్షవాతంతో దాదాపు నెల రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయారు. మొదటి ఇరవై రోజులు తెలివిలోనే ఉన్నారు. మూత్రానికి ట్యూబ్ వేశారు, బట్టలు పాక్‌గా లేవని నమాజు చదవలేదు. తర్వాత తొమ్మిది రోజులు స్పృహ లేదు. ఆయన బదులు నేను ఆ నమాజులు చదవొచ్చా?
– పలమనేరు

జవాబు: ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఒకరి నమాజు ఇంకొకరు చదవడానికి లేదు, కొడుకైనా సరే. దానికి బదులు ఫిద్యా (పరిహారంగా బీదలకు ఇచ్చే దానం) ఉంది.

స్పృహ లేని తొమ్మిది రోజులు లెక్కలోకి రావు. ఐదు నమాజుల వేళలను మించి స్పృహ లేకపోతే వాటికి ఖజానే లేదు, ఫిద్యా కూడా లేదు. మొదటి ఇరవై రోజుల్లో ఆయన తల కదిలించగలిగారా? తల కూడా ఆడించలేని స్థితి ఒక పగలూ రాత్రీ మించి అలాగే ఉండిపోతే అవీ మాఫ్. తల ఆడించగలిగి ఉంటే మాత్రం ఆ నమాజులు ఆయన మీద ఉన్నట్టే. విత్ర్‌తో కలిపి రోజుకు ఆరు చొప్పున 120 ఫిద్యాలు. ఒక్కోదానికి ఫిత్రాలో (రంజాన్ పండుగ దానంలో) ఇచ్చినంతే, కాస్త జాగ్రత్తగా పట్టుకుంటే 1.75 కిలోల గోధుమలు. మొత్తం 210 కిలోలు, లేదా పలమనేరు అంగట్లో ఆ గోధుమల ధర. బీదవాళ్లకు ఇవ్వాలి.

ఆయన వసియ్యత్ (వీలునామా) చేసి ఉంటే ఆస్తిలో మూడో వంతు లోపల నుంచి ఇది ఇచ్చి తీరాలి. చేయకపోతే వారసుల మీద తప్పనిసరి కాదు. మీరు మీ వాటాలోంచి ఇష్టపడి ఇస్తే అల్లా స్వీకరిస్తాడన్న ఆశ ఉందని పండితులు చెబుతారు. చెల్లెళ్లో తమ్ముళ్లో మైనర్లు ఉంటే వాళ్ల వాటా ముట్టుకోకండి. కోర్లగుంట తమ్ముడు తన నోటుబుక్కు సంగతి ఇంట్లో ఒకరికి చెప్పి, మిగిలినదానికి వసియ్యత్ రాయాలన్నది ఇందుకే.

ఆస్పత్రిలో మనవాళ్లను చూసుకునేవాళ్లంతా ఇది వినండి. ట్యూబ్ ఉన్నంత మాత్రాన నమాజు ఆగదు. అలాంటివారు మాజూర్ (అశక్తత వల్ల సడలింపు ఉన్నవారు), ఒక్కో నమాజు వేళకు ఒక్క వజూ చాలు. నీళ్లు పడకపోతే మట్టి ఇటుక మీదో, సున్నం గోడ మీదో తయమ్ముమ్. పక్క బట్టలు మార్చడం కష్టమైతే ఉన్నవాటితోనే. కూర్చోలేకపోతే పడుకుని, తల సైగతో. రోగికి ఇది చెప్పి, వేళ గుర్తుచేసే మనిషి పక్కన ఉండాలి. పండ్లు, కొబ్బరి బోండాలు పట్టుకుని వచ్చేవాళ్లు ఎందరో, ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు తక్కువ.

*

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. నలభై ఏళ్లకు పైగా నమాజు వదల్లేదు గానీ, రుకూ (నడుం వంచడం), సజ్దాలు (నుదురు నేలకు ఆన్చడం) గబగబా చేసేవాణ్ణి. అది నమాజే కాదని ఈ మధ్య తెలిసింది. అవన్నీ మళ్లీ చదవాలా? ఇప్పుడు చదివేవాటిలో కూడా ఎన్ని రకాతులయ్యాయో మరిచిపోతున్నా.
– గిరింపేట, చిత్తూరు

జవాబు: చదవనక్కర్లేదు, పెద్దాయనా. మీరు విన్నది బహుశా ఆ గ్రామీణుడి హదీసు అయి ఉంటుంది. ఒకాయన మసీదులోకి వచ్చి హడావిడిగా నమాజు చదివి ప్రవక్త (స)కు సలాం చెప్పాడు. "వెళ్లి మళ్లీ చదువు, నువ్వు చదవలేదు" అన్నారు ప్రవక్త. అలా మూడుసార్లు. చివరికి ఆయనే "నాకు ఇంతకంటే బాగా రాదు, నేర్పండి" అంటే, రుకూలో కుదురుగా ఉండు, లేచి నిటారుగా నిలబడు, సజ్దాలో కుదురుగా ఉండు అని నేర్పారు. అయితే చూడండి, అంతకుముందు ఏళ్ల తరబడి ఆయన చదివినవాటిని తిరగదోడమని చెప్పలేదు.

పైగా అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది: తీర్పు రోజు అన్నిటికంటే ముందు నమాజు లెక్క చూస్తారు, ఫర్జ్‌లో లోటు కనిపిస్తే "నా దాసుడికి నఫిల్‌లు ఏమైనా ఉన్నాయేమో చూడండి" అని అల్లా అంటాడు, వాటితో ఆ లోటు పూడుస్తారు. కాబట్టి పాతదానికి నఫిల్‌లు, ఇప్పటిదానికి నిదానం. వజూ లేకుండానో, ఏదైనా ఫర్జ్ అంగం పూర్తిగా వదిలేసో చదివానని గట్టిగా తెలిసిన నమాజు ఉంటే అది మాత్రం ఖజా చదవాలి.

రకాతుల అనుమానం తరచుగా వస్తుంటే మనసు ఎటు గట్టిగా మొగ్గితే అటు వెళ్లండి. ఎటూ మొగ్గకపోతే తక్కువ అంకె తీసుకోండి. మూడా నాలుగా అంటే మూడు. అది చివరిదేమో అనిపించే ప్రతి రకాతులోనూ కూర్చుని, ఆఖరున సజ్దా సహవ్ (మరుపుకు పరిహారంగా రెండు సజ్దాలు) చేయండి. సలాం చెప్పేశాక వచ్చే అనుమానాలను పట్టించుకోకండి, వాటికి అంతుండదు.

*

ప్రశ్న: చిత్తూరు నుంచి తిరుపతి వస్తుంటే బస్సు దారిలో చెడిపోయి అసర్ పోయింది. మసీదుకు చేరేసరికి మగ్రిబ్ జమాత్ నడుస్తోంది, అందులో కలిశాను. తర్వాత అసర్‌ను ప్రయాణికుడి లెక్కన రెండు రకాతులే చదివాను. సరైనదేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: రెండు సంగతులు. చిత్తూరు–తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. ఖస్ర్‌కు (ప్రయాణంలో నమాజు తగ్గించి చదవడానికి) మనవాళ్లు పట్టుకునే హద్దు 48 మైళ్లు, అంటే 77 కిలోమీటర్ల పైన. మీరు ప్రయాణికుడు కారు, అసర్ నాలుగు చదవాలి. చెన్నైకో బెంగళూరుకో పోతూ దారిలో పోగొట్టుకున్న నాలుగు రకాతుల నమాజైతే ఇంటికొచ్చాక ఖజా చదివినా రెండే.

రెండోది, మీ మీద పాత బాకీ ఆరు నమాజులకు చేరకుండా ఉంటే మీరు సాహిబె తర్తీబ్ (వరుస పాటించాల్సినవారు), వరుస తప్పకూడదు. అసర్ పోయిన సంగతి గుర్తుండగా మగ్రిబ్‌లో కలిశారు కాబట్టి ఆ మగ్రిబ్ చెల్లదు. ఇప్పుడు అసర్ నాలుగు రకాతులు చదివి, ఆ తర్వాత ఆ రోజు మగ్రిబ్ మళ్లీ చదవండి. పాత బాకీ ఆరు గానీ అంతకు మించి గానీ ఉంటే వరుస నియమం లేదు, అసర్ ఒక్కటి నాలుగు రకాతులుగా చదివితే చాలు. షాఫిఈ, అహ్లె హదీస్ మిత్రులు ప్రయాణంలో జుహర్–అసర్ కలిపి చదవడం చూసి ఉంటారు, వాళ్ల దారిలో అది ఉంది. మన దారిలో అలా కలపడం హజ్‌లో అరఫాత్, ముజ్దలిఫాల దగ్గర మాత్రమే.